ఎనిమిది మంచాల గది

రాత్రికి ఎనభై దిర్హాములు.
అందులోనే పొద్దుటి రొట్టె, పుదీనా టీ,
పై మంచం మీది జర్మన్ కుర్రాడి గురక.
వేడినీళ్ళు అయిదింటి నుంచి ఆరు దాకా అన్నారు గానీ
ఏ అయిదో చెప్పలేదు.

అద్దె బోర్డుల్లో నా వంతుకొచ్చింది
అంచుకి మూడు అతుకులున్న పసుప్పచ్చది.
"దీనిమీంచి పడనివాడు లేడు" అన్నాడు ఇద్దర్,
అభయమిస్తున్నట్టే.

అతని పేరు నిజంగానే ఇద్దర్. మనిషి ఒక్కడే.
మా భాషలో నీ పేరుకి ఒకడు తక్కువయ్యాడని
వచ్చీరాని ఫ్రెంచిలో చెప్పాను.
చాలాసేపు నవ్వాడు.
వాళ్ళ భాషలో 'బతికాడు' అని దానికి అర్థమట.
తనకన్నా ముందు పుట్టినవాడు లేడట.
లెక్క సరిపోయింది.
ఇంకేమీ అడగలేదు నేను.

డాబా మీద తాడుకి వెట్‌సూట్లు
రాత్రంతా చుక్కలు చుక్కలుగా కారుతుంటాయి,
ఎవరో సముద్రాన్ని ఉతికి
సరిగ్గా పిండకుండా ఆరేసినట్టు.
తెల్లారి అందులోకి దూరడమే అసలు పని.
మోకాళ్ళ దాకా వస్తుంది,
నడుం దగ్గర మొండికేస్తుంది.
నలభై నాలుగేళ్ళ పొట్టని బతిమాలుకోవాలి.
అప్పటికి చలితో పళ్ళు టకటకలాడుతుంటాయి,
ఇంకా నీళ్ళు ముట్టనైనా లేదు.

మొదటి మూడు రోజులూ పడటమే నేర్చుకున్నాను.
ఎడంవైపు, కుడివైపు,
ఏ వైపో తెలియకుండా.
రాత్రి భోజనానికి వంగితే
ముక్కులోంచి బొటబొటా సముద్రం కంచంలో పడింది.
ఫాద్మా చూసి
ఉప్పు గిన్నె నా ముందునుంచి తీసేసింది.

పదకొండేళ్ళుగా
అలల మీద నిలబడాలని వచ్చినవాళ్ళకి
గుడ్లు లెక్కపెట్టి వండుతోంది ఫాద్మా.
వంటింటి గడప దిగితే ఇసుక.
అయినా చీలమండ దాటి ఎప్పుడూ తడవలేదు.
రేవులో నీలం పడవల వరసలో అయిదోది ఆమె భర్తది.
ఇప్పుడు తమ్ముడు తీసుకెళ్తున్నాడు.
ఆ పడవ వచ్చే వేళకి
గరిటె చేతిలో ఉన్నా సరే, ఒకసారి గుమ్మంలోకి వస్తుంది.
నాకు తెలిసింది అంతే.

ఆరో రోజు, నీళ్ళు వెనక్కి తగ్గే వేళ, నిలబడ్డాను.
అయిదు లెక్కపెట్టేంత సేపు.
మూడేనేమో.
పెద్ద అలేం కాదు,
చిన్నపిల్లలు వద్దనుకుని వదిలేసిన నురగ.
ఎవరూ చూడలేదు. ఇద్దర్ అటు తిరిగి
ఎవరి కాలి తాడో చిక్కు తీస్తున్నాడు.

ఒళ్ళంతా నీళ్ళోడుతూ వంటింట్లోకే వెళ్ళాను.
విషయం అర్థమై, ఎలా ఉంటుందని
పిండి చేతులు రెండూ గాల్లో తిప్పి అడిగింది ఫాద్మా.
నా దగ్గరున్న ఫ్రెంచిలో 'బాగుంది' ఒక్కటే మిగిలింది.
నిన్నటి పప్పు పులుసుకీ అదే అన్నాను,
ఆమెకది గుర్తుంది.

అప్పుడామె రొట్టెల చెక్కని
గోడ వారనుంచి తీసి నేల మీద వేసింది.
చెప్పులు విడిచింది.
జెలాబా అంచు ఒక చేత్తో పైకి పట్టుకుని ఎక్కింది.
మోకాళ్ళు వంచమన్నాను, వంచింది.
చేతులు చాపమన్నాను, అంచు వదిలేసింది.
కాళ్ళకేసి చూడొద్దు, దూరంగా అన్నాను.
తలుపు తెరిచే ఉంది. దూరానికేం కొదవ లేదు.

పొయ్యి మీద టీ పొంగి మంటలో పడింది.
ఇద్దరం కదల్లేదు.

ఎంతసేపో లెక్కపెట్టడం మర్చిపోయాను.
నాకన్నా ఎక్కువే.

దిగి, చెక్క కడిగి, గోడకి ఆనించి
ఉల్లిపాయలు అందుకుంది.

ఆ పూట రొట్టెలు ఆలస్యమయ్యాయి.
జర్మన్ కుర్రాడు రెండుసార్లు వచ్చి తొంగిచూశాడు.
ఫాద్మా తలెత్తకుండా ఏదో అంది.
గుమ్మంలో ఉన్న ఇద్దర్
అర్థం కానట్టు మొహం పెట్టి
మాకు తర్జుమా చేశాడు:
ఇవాళ సముద్రం కొంచెం పోటు మీదుందట.